కజువో మసుదా స్మృతి: అమరుడైన కొడుకు, అనుమానితులైన తల్లిదండ్రులు

1945 డిసెంబరు 8న జనరల్ జోసెఫ్ స్టిల్‌వెల్ వాషింగ్టన్ నుంచి విమానంలో కాలిఫోర్నియాకు వచ్చి, ఆరెంజ్ కౌంటీలోని టాల్బర్ట్ అనే పల్లెలో ఒక చిన్న చెక్క ఇంటి వరండాలో నిలబడి, మేరీ మసుదా అనే యువతికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ పతకాన్ని తగిలించారు. అమెరికా సైన్యంలో శౌర్యానికి ఇచ్చే పతకాల్లో అది రెండవ అత్యున్నతమైనది. అంతకు ఏడాది ముందు ఇటలీలో మరణించిన ఆమె సోదరుడు, స్టాఫ్ సార్జెంట్ కజువో మసుదాకు ఇచ్చిన పతకం అది. చైనా, బర్మా రంగాల్లో అమెరికా సేనలకు నాయకత్వం వహించిన నాలుగు నక్షత్రాల జనరల్ ఒక సార్జెంటు పతకం పట్టుకొని రైతు ఇంటి దాకా రావడం మామూలు విషయం కాదు. ఆ రాకకు కారణం ఆ ఏడాది మే నెలలో జరిగిన సంఘటనలో ఉంది. యుద్ధకాలంలో జపాన్ సంతతివారిని ఉంచిన నిర్బంధ శిబిరం నుంచి తిరిగి వచ్చిన మేరీ దగ్గరకు ఒక రాత్రి కొందరు మనుషులు వచ్చి, ఈ ప్రాంతంలో జపనీయులకు చోటు లేదని, ఇక్కడే ఉంటే మంచిది కాదని బెదిరించి వెళ్లారు.

ఈ రెండు సంఘటనలనూ కలిపి చూసినప్పుడే కజువో మసుదా స్మృతికి అర్థం తెలుస్తుంది. యుద్ధంలో మరణించిన సైనికుడిని దేశం స్మరించుకోవడం ఎక్కడైనా ఉన్నదే. వలస వచ్చిన కుటుంబం నుంచి వెళ్లిన సైనికుడి విషయంలో మాత్రం ఆ స్మరణకు మరో పని కూడా అప్పగిస్తారు. అతడి మరణం అతడి తల్లిదండ్రుల విధేయతకు సాక్ష్యం చెప్పవలసి వస్తుంది. మసుదా కుటుంబానికి తమ ఇంట్లో తాము భయం లేకుండా బతికే హక్కు, బిడ్డను కోరిన చోట పూడ్చిపెట్టుకునే హక్కు, చివరకు ప్రభుత్వం నుంచి క్షమాపణ పొందే హక్కు, అన్నీ ఆ ఒక్క మరణం ఆసరాతోనే అడగవలసి వచ్చింది. ఆ మరణం లేకపోయినా అవి వారికి దక్కవలసినవే.

గెన్సుకే, తమాయే మసుదా దంపతులు జపాన్ నుంచి వలస వచ్చిన తరానికి చెందినవారు. ఆ తరాన్ని ‘ఇస్సే’ అని, అమెరికాలో పుట్టిన వారి పిల్లలను ‘నిసే’ అని పిలుస్తారు. ఇస్సే తరం ఎన్ని దశాబ్దాలు అక్కడ ఉన్నా పౌరసత్వం పొందే వీలు లేదు. 1790 నాటి చట్టం స్వేచ్ఛగల శ్వేతజాతీయులకే పౌరసత్వం ఇవ్వవచ్చునని చెప్పింది. 1870లో ఆఫ్రికా సంతతివారికి కూడా ఆ అర్హత కల్పించారు. ఆసియావారు మాత్రం రెంటికీ చెందకుండా మిగిలిపోయారు. 1922లో తకావో ఒజావా కేసులో అమెరికా సుప్రీంకోర్టు జపనీయులకు ఆ తలుపు మూసివేసింది. మరుసటి ఏడాది అదే కోర్టు భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులకూ మూసివేసింది. థిండ్ 1918లో అమెరికా సైన్యంలో పనిచేసి, గౌరవప్రదంగా విడుదలైన సిక్కు యువకుడు. తర్వాత 1935లో మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఆసియా సైనికులకు పౌరసత్వం ఇచ్చేందుకు ప్రత్యేక చట్టం వచ్చిన మీదటే, 1936లో ఆయన పౌరుడు కాగలిగారు. మనిషిగా రాని హక్కు సైనికుడిగా వచ్చిందన్నమాట. మసుదా కుటుంబ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపించే సూత్రం ఇదే. మన దేశం నుంచి వెళ్లినవారికీ అది తొలినాళ్లలోనే ఎదురైందన్న సంగతి, 1965 నాటి వలస చట్టం తర్వాత సులువుగా స్థిరపడిన కుటుంబాలకు అంతగా తెలియదు.

పౌరసత్వానికి అర్హత లేకపోవడం కేవలం ఓటు హక్కుకు సంబంధించిన విషయం కాదు. 1913లో కాలిఫోర్నియా తెచ్చిన భూమి చట్టం, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమిని సొంతం చేసుకోకూడదని నిషేధించింది. 1920లో దాన్ని మరింత బిగించారు. అందువల్ల చాలామంది ఇస్సే రైతులు భూమిని అమెరికాలో పుట్టిన బిడ్డల పేరిట పెట్టుకొని సేద్యం చేసుకున్నారు. ఇంటి పెద్ద పేరు ఏ కాగితంలోనూ ఉండదు. పిల్లవాడి జన్మహక్కే కుటుంబానికి ఆధారం. కొడుకు మీద కుటుంబం ఆధారపడటం అతడు సైన్యంలో చేరినప్పుడు మొదలు కాలేదు, అతడు పుట్టిన నాడే మొదలైంది.

1941 డిసెంబరులో జపాన్ జరిపిన పెర్ల్ హార్బర్ దాడికి ముందే కజువో సైన్యంలో చేరాడు. దాడి తర్వాత ఎఫ్‌బీఐ అతడి తండ్రిని అరెస్టు చేసింది. గ్రామ సంఘాల్లో, భాషా పాఠశాలల్లో, వ్యాపార సంఘాల్లో కాస్త పెద్దరికం ఉన్న ఇస్సే పురుషులను వందల సంఖ్యలో అదే విధంగా తీసుకుపోయారు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ కార్యనిర్వాహక ఉత్తర్వుపై సంతకం చేశారు. దాని కింద పశ్చిమ తీరం నుంచి దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని విచారణ లేకుండా, ఏ నేరారోపణా లేకుండా తరలించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. మసుదా కుటుంబాన్ని ముందు అర్కన్సాలోని జెరోమ్ శిబిరానికి, ఆ శిబిరాన్ని 1944 జూన్‌లో మూసివేసేటప్పటికి అరిజోనా ఎడారిలోని గిలా రివర్ శిబిరానికి పంపారు. గిలా రివర్ శిబిరం కట్టింది ఆదివాసీల రిజర్వేషన్ భూమిలో, వారి అభ్యంతరాన్ని తోసిపుచ్చి.

పెర్ల్ హార్బర్ తర్వాత కొంతకాలం నిసే యువకులను సైన్యం తీసుకోలేదు. 1943 ఫిబ్రవరిలో విధానం మార్చి, 442వ రెజిమెంటల్ కంబాట్ టీమ్‌ను ఏర్పాటు చేసింది. అధికారులు దాదాపు అందరూ శ్వేతజాతీయులు, సైనికులందరూ నిసే. కజువో కూడా వారిలో ఒకడు. మిసిసిపీలోని క్యాంప్ షెల్బీలో శిక్షణ పొందుతూ, సెలవు దొరికినప్పుడు ఆ యువకులు అర్కన్సా శిబిరాలకు వెళ్లి తమవాళ్లను చూసి వచ్చేవారు. అమెరికా సైనిక దుస్తుల్లో ఉన్న కొడుకు, అమెరికా సైనికులే కాపలా కాసే గేటు దాటి తల్లిని చూడటానికి వెళ్లాలి. ఈ వైరుధ్యాన్ని ఆనాటి ప్రభుత్వ ప్రచారం ‘విధేయతా పరీక్ష’గా చిత్రించింది. పరీక్షించిన ప్రభుత్వం మాత్రం తాను చేసిన పనికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

కజువోకు పతకం తెచ్చిన పోరాటాలు రెండు. 1944 జూలై 6న, ముందున్న పరిశీలన స్థానం నుంచి అతడు శత్రువుల కాల్పుల మధ్య దాదాపు 200 గజాలు పాకుతూ వెళ్లి, ఒక 60 మిల్లీమీటర్ల మోర్టార్ గొట్టాన్నీ మందుగుండునూ ఈడ్చుకొచ్చాడు. మోర్టార్‌ను నిలబెట్టే ఇనుప పీట లేకపోవడంతో తన ఉక్కు టోపీనే పీటగా వాడాడు. మందుగుండు అయిపోయినప్పుడల్లా మళ్లీ వెళ్లి తెచ్చుకుంటూ పన్నెండు గంటల పాటు ఒక్కడే కాలుస్తూ, రెండు ఎదురుదాడులను తిప్పికొట్టాడు. రెండవ పోరాటం ఆగస్టు 27న జరిగింది. ఆ రాత్రి అర్నో నది ఉత్తరపు ఒడ్డున, మందుపాతరలు నిండిన నేలమీద గస్తీ దళాన్ని నడిపిస్తూ, తాము రెండు శత్రు బృందాల మధ్య చిక్కుకున్నామని అతడు గ్రహించాడు. తన మనుషులను వెనక్కి పొమ్మని ఆదేశించి, తాను ముందుకు వెళ్లి కాల్పులు జరిపాడు. దళం సమాచారంతో సహా క్షేమంగా తిరిగి వచ్చింది, అతడు రాలేదు.

ఆ వార్త చేరేనాటికి కుటుంబం గిలా రివర్‌లో ఉంది. యుద్ధకాలంలో అమెరికా ఇళ్ల కిటికీల్లో సైన్యంలో ఉన్న బిడ్డకు ఒక నీలి నక్షత్రం, మరణించిన బిడ్డకు ఒక బంగారు నక్షత్రం ఉన్న జెండా వేలాడేది. శిబిరాల్లోని తారుకాగితపు బారక్‌లకూ ఆ జెండాలే వచ్చాయి. గిలా రివర్ నివాసులు తమ బిడ్డలలో సైన్యంలో ఉన్నవారి పేర్లతో శిబిరంలోని ఒక గుట్టపై గౌరవ స్మారకాన్ని తామే కట్టుకున్నారు. సరిగ్గా అదే కాలంలో, 1944 నవంబరులో, ఒరెగాన్ రాష్ట్రం హుడ్ రివర్‌లోని మాజీ సైనికుల సంఘం తమ కౌంటీ గౌరవ ఫలకం నుంచి పదహారు మంది నిసే సైనికుల పేర్లను చెరిపేసింది. వారిలో ఒకడైన ఫ్రాంక్ హచియా ఫిలిప్పీన్స్ రంగంలో గాయపడి 1945 జనవరిలో మరణించాడు. దేశవ్యాప్తంగా, ముఖ్యంగా యుద్ధరంగంలో ఉన్న ఇతర సైనికుల నుంచి వెల్లువెత్తిన నిరసనల తర్వాతే ఆ సంఘం పేర్లను తిరిగి చేర్చింది. ముళ్లకంచె వెనుక ఉన్నవారు ఫలకం కట్టుకుంటుంటే, స్వేచ్ఛగా ఉన్నవారు ఫలకాన్ని గీకేశారు. ఒక పేరును గుర్తుంచుకోవాలా వద్దా అన్నది ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఇరుపక్షాలు పోరాడిన రాజకీయ విషయం.

1945 జనవరి నుంచి పశ్చిమ తీరానికి తిరిగి వెళ్లే అనుమతి వచ్చింది. అందుకు దారితీసింది శిబిర నిర్బంధాన్ని సవాలు చేసిన మిత్సుయే ఎండో కేసు. అందులో వాదిగా ఆమెను ఎంచుకోవడానికి ఒక కారణం, ఆమె సోదరుడు సైన్యంలో ఉండటమే. తిరిగి వెళ్లినవారికి స్వాగతం చాలాచోట్ల కాల్పులతో, నిప్పుతో ఎదురైంది. కొడుకులు సైన్యంలో ఉన్న ఇళ్లనూ దుండగులు వదలలేదు. నిందితులను జ్యూరీలు విడిచిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. మేరీ మసుదాకు ఎదురైన బెదిరింపు ఆ వరుసలోనిదే. శిబిరాలు నడిపిన సంస్థే ఇప్పుడు ఆ శిబిరాలను ఖాళీ చేయవలసి ఉండటంతో, తిరిగి వెళ్లేవారి పట్ల ప్రజాభిప్రాయాన్ని మార్చవలసిన అవసరం దానిపై పడింది. డిసెంబరు 8 నాటి కార్యక్రమాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. వరండాలో పతకం అందించిన తర్వాత శాంటా ఆనాలో పెద్ద సభ జరిపారు. హాలీవుడ్ నటులు వచ్చి మాట్లాడారు. వారిలో రోనాల్డ్ రీగన్ అనే యువ నటుడు, సముద్రతీరపు ఇసుకలో ఇంకిన రక్తానికి రంగుల తేడా లేదని అన్నాడు. స్టిల్‌వెల్ గౌరవం నిజమైనదే. నిసే సైనికుల గురించి ఆయన బహిరంగంగా, కటువుగా, తమ సొంత జనాన్ని నిలదీస్తూ మాట్లాడిన మనిషి. అయినా ఆ సభలో వినిపించని మాట ఒకటుంది: ఈ కుటుంబాన్ని కంచె వెనుక పెట్టింది బెదిరించిన ఆ కొద్దిమంది దుండగులు కాదు, ఆ వేదికకు జనరల్‌ను పంపిన ప్రభుత్వమే. దుండగులను ఖండించడం ప్రభుత్వానికి తేలిక. తనను తాను ఖండించుకోవడానికి దానికి మరో నలభై మూడేళ్లు పట్టింది.

సభ ముగిసినంత మాత్రాన గౌరవం స్థిరపడలేదని 1948లో తేలింది. కజువో భౌతికకాయాన్ని ఇటలీ నుంచి స్వదేశానికి తెచ్చినప్పుడు, కుటుంబం కోరిన చోట, అంటే వెస్ట్‌మినిస్టర్ మెమోరియల్ పార్క్ శ్మశానంలో చెట్లూ పచ్చికా ఉన్న భాగంలో, ఖననానికి మొదట నిరాకరించారు. ఆ భాగం శ్వేతజాతీయులకే అన్న ఒప్పంద షరతును కారణంగా చూపారు. పతకం పొందిన సైనికుడు కావడంతో నిరసన రేగి, నిర్వాహకులు వెనక్కి తగ్గారు. అదే ఏడాది మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు, జాతిని బట్టి ఆస్తులపై పెట్టే ఇటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని షెల్లీ కేసులో తీర్పు ఇచ్చింది. జూన్‌లో ఫుమితకే నగాతో, సబురో తనమాచి అనే ఇద్దరు నిసే సైనికులను ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో పూర్తి సైనిక గౌరవాలతో ఖననం చేశారు. జాతీయ స్థాయిలో గౌరవం, సొంత ఊళ్లో నిరాకరణ ఒకే ఏడాదిలో పక్కపక్కనే నడిచాయి. పతకం లేని నిసే కుటుంబం ఎవరైనా ఆ శ్మశానం గుమ్మంలో నిలబడి ఉంటే, వారి కోసం ఏ పత్రికా రాసేది కాదన్నది ఊహించడం కష్టం కాదు.

భూమి విషయంలోనూ ఇదే దారి. హరుయే మసావోకా అనే వితంతువు కొడుకులు ఐదుగురు అమెరికా సైన్యంలో పనిచేశారు. వారిలో బెన్, 1944 అక్టోబరులో ఫ్రాన్స్ వోజ్ కొండల్లో చిక్కుకున్న టెక్సాస్ బెటాలియన్‌ను కాపాడేందుకు 442వ దళం చేసిన పోరాటంలో మరణించాడు. ఆ పోరాటంలో రక్షించింది 211 మందిని. అందుకోసం చనిపోయిన, గాయపడిన నిసే సైనికుల సంఖ్య దానికి కొన్ని రెట్లు. మిగిలిన కొడుకులు తల్లికి ఒక ఇల్లు కొనిపెట్టాలనుకున్నారు. ఆమె పౌరసత్వానికి అర్హురాలు కాదు కాబట్టి భూమి చట్టం అడ్డు వచ్చింది. కొడుకులు కావాలనే చట్టాన్ని సవాలు చేస్తూ కోర్టుకు వెళ్లారు. 1952లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మొదట సెయ్ ఫుజీ కేసులో, తర్వాత ఈ కేసులో ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఇస్సే తరానికి పౌరసత్వ అర్హత కల్పించిన వలస చట్టమూ ఆ ఏడాదే వచ్చింది. మరణించిన సైనికుడి తల్లి అన్న హోదా న్యాయస్థానంలో బలమైన వాదమేమో గానీ, ఆ హోదా లేని వేలాది తల్లులకు నలభై ఏళ్ల పాటు అదే చట్టం అన్యాయం చేస్తూనే ఉంది.

కజువో పేరు మళ్లీ జాతీయ స్థాయిలో వినిపించింది 1980లలో, శిబిరాలకు నష్టపరిహారం కోరిన ఉద్యమంలో. కాంగ్రెస్ నియమించిన కమిషన్ 1983లో, ఈ నిర్బంధానికి మూలం సైనిక అవసరం కాదని, జాతి ద్వేషం, యుద్ధోన్మాదం, రాజకీయ నాయకత్వ వైఫల్యమని తేల్చి చెప్పింది. ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టిన బిల్లుకు ఉద్దేశపూర్వకంగానే 442 అనే సంఖ్య ఇచ్చారు. అధ్యక్షుడు రీగన్ మొదట్లో సుముఖంగా లేరు. ఆ శిబిరాలు జపాన్ సంతతివారి రక్షణకే ఏర్పడ్డాయన్న అభిప్రాయం ఆయనకు ఉండేదని ఈ ప్రయత్నంలో పాల్గొన్నవారు తర్వాత చెప్పారు. అప్పుడు ఉద్యమకారుడు గ్రాంట్ ఉజిఫుసా ఒక మార్గం వెతికాడు. 1945లో శాంటా ఆనా సభలో మాట్లాడిన నటుడు రీగనే గనుక, ఆ సంగతిని ఆయనకు గుర్తుచేయాలి. కజువో మరో సోదరి జూన్ రాసిన ఉత్తరాన్ని న్యూజెర్సీ గవర్నర్ టామ్ కీన్ ద్వారా అధ్యక్షుడికి చేర్చారు. 1988 ఆగస్టు 10న చట్టంపై సంతకం చేస్తూ రీగన్ తన ప్రసంగాన్ని ఆ వరండా కథతోనే ముగించారు.

ఆ ప్రసంగంలో ఒక పొరపాటు ఉంది. ఇటలీలో పేరున్న యుద్ధభూమి అయిన కాసినోలో కజువో మరణించినట్టు రీగన్ చెప్పారు. నిజానికి కాసినోలో పోరాడింది హవాయి నిసేలతో ఏర్పడిన 100వ బెటాలియన్, అదీ 1944 తొలి నెలల్లో. కజువో మరణించింది అదే ఏడాది ఆగస్టు చివర, చాలా ఉత్తరాన, అర్నో ఒడ్డున. ఆధారంగా తీసుకున్నది 1945 నాటి పత్రికా కథనం. దీన్ని చిన్న తప్పుగా కొట్టిపారేయకూడదు. సైనికుడి కథ ఒక వాదనకు పనికివచ్చే ఉదాహరణగా మారినప్పుడు, వివరాలు మెల్లగా అరిగిపోయి, గుర్తుంచుకోవడానికి సులువైన, పేరున్న యుద్ధభూమి ఒకటి వాటి స్థానంలోకి వస్తుంది. అర్నో రాత్రి గస్తీ గురించి చెప్పాలంటే అతడు తన మనుషులను ఎందుకు వెనక్కి పంపాడో చెప్పాలి. కాసినో అంటే చాలు, వినేవారు తలూపుతారు.

ఇటువంటి కథ ఈ శతాబ్దంలోనూ పునరావృతమైంది. పాకిస్తాన్ నుంచి వలస వెళ్లిన కుటుంబానికి చెందిన కెప్టెన్ హుమాయూన్ ఖాన్ 2004 జూన్ 8న ఇరాక్‌లోని బకూబాలో, శిబిరం వైపు వస్తున్న అనుమానాస్పద కారును చూసి తన మనుషులను వెనక్కి పొమ్మని చెప్పి, తాను ముందుకు నడిచి పేలుడులో మరణించాడు. అరవై ఏళ్ల దూరంలో, అర్నో ఒడ్డున కజువో చేసిన పనే అది. 2016లో అమెరికాలోకి ముస్లింల రాకను నిషేధించాలన్న ప్రతిపాదన ఎన్నికల చర్చగా మారినప్పుడు, అతడి తండ్రి ఖిజ్ర్ ఖాన్ ఒక జాతీయ రాజకీయ వేదికపై భార్య గజాలాతో నిలబడి రాజ్యాంగ ప్రతిని చూపుతూ మాట్లాడారు. తర్వాతి రోజుల్లో, తల్లి ఎందుకు మాట్లాడలేదని కూడా ఆ నిషేధాన్ని ప్రతిపాదించిన అభ్యర్థి డోనాల్డ్ ట్రంప్ ప్రశ్నించారు. కొడుకు ఫోటో ముందు తాను నిలదొక్కుకోలేకపోయానని ఆమె ప్రపంచానికి వివరించుకోవలసి వచ్చింది. దుఃఖాన్ని సైతం రుజువు చేసుకోవలసిన స్థితి అది.

ఈ పద్ధతి వల్ల వచ్చే అసలు నష్టం కొడుకును కోల్పోని కుటుంబాలకు, సైన్యంలోకి వెళ్లడానికి ఒప్పుకోని యువకులకు కలుగుతుంది. వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరంలో కొందరు నిసే యువకులు, తమ కుటుంబాలను విడుదల చేసి పౌరహక్కులు పునరుద్ధరిస్తే సైన్యంలో చేరుతామని, లేకపోతే చేరబోమని అన్నారు. 1944 జూన్‌లో వారిలో 63 మందికి ఒకే విచారణలో జైలుశిక్ష పడింది. 1947 డిసెంబరులో అధ్యక్షుడు ట్రూమన్ వారిని క్షమించారు. ప్రభుత్వం క్షమించినా సొంత సమాజం చాలాకాలం క్షమించలేదు. తమ బిడ్డలు రక్తంతో సంపాదించిన గౌరవాన్ని వీళ్లు పాడుచేశారన్నది ఆ కోపం. గౌరవాన్ని రక్తంతో కొనవలసిందేనన్న షరతును బాధితులు కూడా నమ్మే స్థితికి వచ్చారనడానికి అంతకంటే నిదర్శనం అక్కర్లేదు. ఆనాడు వారిని బహిరంగంగా నిందించిన జపనీస్ అమెరికన్ పౌరసంఘం వారికి లాంఛనంగా క్షమాపణ చెప్పింది 2002లో.

కజువో తన చావుతో ఎవరి విధేయతనూ నిరూపించాలని వెళ్లి ఉంటాడని చెప్పడానికి ఆధారం లేదు. ఆ రాత్రి అతడి ముందున్నది తన వెంట ఉన్న మనుషులను ఎలా తిరిగి పంపాలన్న సమస్య. అతడి పేరుతో నేడు ఫౌంటెన్ వ్యాలీలో, అంటే నాటి టాల్బర్ట్ ప్రాంతంలో, ఒక మాధ్యమిక పాఠశాల ఉంది. అక్కడి పిల్లలకు అతడి కథ చెప్పేటప్పుడు మోర్టార్‌తో పాటు భూమి చట్టాన్నీ, పతకంతో పాటు తండ్రి అరెస్టునూ చెప్పాలి. తండ్రిని అరెస్టు చేయడానికి, తల్లిని రెండు శిబిరాలకు తరలించడానికి కారణమైన చట్టాలూ ఉత్తర్వులూ లేకుండా చెబితే, అది కొడుకు ధైర్యం కథగా మాత్రమే మిగిలి, ప్రభుత్వం చేసిన తప్పు అందులోంచి జారిపోతుంది.

ఈ విషయంలో 1988 నాటి చట్టపాఠం ఆనాటి ప్రసంగం కంటే న్యాయంగా ఉంది. అమెరికా పౌరులుగా గానీ శాశ్వత నివాసులుగా గానీ ఉండి నిర్బంధానికి గురై, ఆ రోజుకు సజీవంగా ఉన్న ప్రతి వ్యక్తికీ 20,000 డాలర్లు, ప్రభుత్వ క్షమాపణ ఇవ్వాలని అది ఆదేశించింది. ఇంట్లో సైనికుడు ఉన్నాడా అని గానీ, పతకం ఉందా అని గానీ, సైన్యంలో చేరడానికి నిరాకరించారా అని గానీ అది అడగలేదు. చెల్లింపులు 1990 అక్టోబరులో, అందరికంటే వయసు మీరినవారితో మొదలయ్యాయి. అప్పటికి ఇస్సే తరంలో చాలామంది మరణించారు.